అనకూడని చెట్టు

మా ఇంట్లో పాయసంలో జీడిపప్పు వేసేవాళ్ళు కాదు. ముంతమామిడి పప్పు వేసేవాళ్ళు. రెండూ ఒకటేనని బడిలో చేరాక గానీ నాకు తెలియలేదు. నూజివీడులో కిరాణా కొట్టుకి పంపితే వెళ్ళి, "ముంతమామిడి పప్పు ఇవ్వండి" అని అడిగేదాన్ని. "మామిడికాయలకి మా కొట్టుకొచ్చావేంటి పాపా, మీ తోట కాయలేదా?" అని కొట్టతను ఏడిపించేవాడు. నేను బిక్కమొహం వేసుకుని సీసా వైపు వేలు చూపిస్తే, "ఓసోస్, జీడిపప్పా!" అని నవ్వేవాడు. ఆ మాట చెవిన పడగానే నాకు ఒళ్ళు జలదరించేది. అది విన్నప్పుడల్లా అమ్మ ఎలా ఉలిక్కిపడేదో ఊహ తెలిసినప్పటి నుంచీ చూస్తున్నాను. మాటకి అర్థం తెలియకముందే భయం వచ్చేసింది నాకు.

ఆవకాయ రోజుల్లో ఇంకా చిత్రంగా ఉండేది. చుట్టుపక్కల ఆడవాళ్ళంతా మా వసారాలో చేరి కాయలు కొట్టేవాళ్ళు. ముక్క కొట్టాక టెంకలో ఉన్న జీడి తీసేసి, పొర తుడిచి, గుడ్డ మీద ఆరబెట్టాలి. "జీడి తీశారా?" అని ఎవరైనా అన్నారంటే చాలు, అమ్మ చేతిలో పని వదిలేసి కుళాయి దగ్గరకి వెళ్ళి మోచేతుల దాకా కడుక్కుని వచ్చేది. వచ్చి, "లోపలిది తీశారా?" అని తన మాటలో మళ్ళీ అడిగేది. ఏదో సీరియల్ జీడిపాకంలా సాగుతోందని పక్కింటావిడ విసుక్కున్నా అంతే, లేచి చేతులు కడుక్కునేది. "మీ అమ్మకి మడి ఎక్కువే" అని వాళ్ళు నాతో అనేవాళ్ళు. మడా, పాడా! వట్టి భయం అది.

పేరు పలకకపోవడం మనవాళ్ళకి కొత్తేం కాదు. చీకటి పడ్డాక పాముని పురుగంటాం. బియ్యం అయిపోయాయనం, నిండుకున్నాయంటాం. దీపం ఆరిపోయిందంటే ఇంట్లో పెద్దవాళ్ళు నెత్తిన మొట్టేవాళ్ళు, కొండెక్కిందనాలి. ఒళ్ళంతా పోసే జబ్బుకి అమ్మవారని పేరు పెట్టి దణ్ణం పెట్టారు. కానీ అవన్నీ ఊరందరికీ ఉన్న భయాలు. పదిమంది పంచుకున్న భయం కాస్త తేలికగా ఉంటుంది. ఈ భయం మా ఇంటికి ఒక్కదానికే ఉండేది. అందుకని నాకు సిగ్గుగానూ ఉండేది.

నేను మొండిదాన్ని. నోరు మంచిది కాదని ఊళ్ళో పేరు. డిగ్రీలో ఉండగా, అమ్మ దాస్తున్న ఆ మాట సంగతేంటో తేలుద్దామని కాలేజీ లైబ్రరీలో అట్టలు ఊడిన నిఘంటువులు ముందేసుకుని కూర్చున్నాను. జీడి అంటే మొదట మనం పాయసంలో వేసుకునే పప్పు కానే కాదట. కొండల్లో పెరిగే ఒక చెట్టు, దాని నల్లటి గింజ, ఆ గింజలోంచి కారే రసం. నల్లజీడి అని ఇప్పుడు విడదీసి చెప్పుకుంటున్నాం గానీ ఒకప్పుడు జీడంటే అదే. ఆ రసం చర్మానికి తగిలితే బొబ్బలెక్కుతుంది. గుడ్డకి తగిలితే ఎన్ని ఉతుకులు ఉతికినా పోదు. అందుకే చాకలివాళ్ళు ఏ ఇంటి బట్టలు ఏవో గుర్తుండటానికి దాంతో చుక్కలు పెట్టేవాళ్ళు. సంస్కృతంలో దాన్ని భల్లాతకి అన్నారు. అగ్నిముఖి అన్నారు. అరుష్కరం అని కూడా అన్నారు, అంటే పుండు చేసేది. కన్నడం వాళ్ళు గేరు అంటారు. వాళ్ళ కివి మనకి చెవి, వాళ్ళ కెరె మనకి చెరువు. కాబట్టి గేరూ జీడీ కూడా ఒక తల్లి పిల్లలేనేమో అని నాకనిపించింది. పండితులు ఒప్పుకుంటారో లేదో నాకు తెలియదు.

తర్వాతెప్పుడో సముద్రం మీద ఓడల్లో ఇంకో చెట్టు వచ్చింది. దానికీ పండు కిందే గింజ వేలాడుతోంది. దాని పెంకులోనూ ఒళ్ళు కాల్చే నూనే ఉంది. మనవాళ్ళు చూసి, ఇదీ జీడి లాంటిదే అనుకుని జీడిమామిడి అని పిలిచారు. కాల్చి పెంకు కొట్టి పప్పు తిన్నారు, బాగుంది. అలా విషం పేరు పోయి పోయి పాయసంలో పడింది. మామిడి కూడా ఆ కుటుంబంలోదే, దాయాది లాంటిది. ముచ్చిక విరిస్తే చిమ్మే సొన ఊరికే కాలుస్తుందా? ప్రతి వేసవిలోనూ ఆ సొన తగిలి నా మూతి చుట్టూ పొక్కులు లేచేవి. మామిడితోటలో పుట్టి మామిడి పడని పిల్ల అని ఊరంతా నవ్వేది. అమ్మ మాత్రం ఎప్పుడూ నవ్వలేదు. కొబ్బరినూనె రాస్తూ నా మొహంలోకి భయంగా చూసేది.

ఇదంతా కాగితం మీద రాసుకుని, గొప్పగా ఇంటికొచ్చి, వంటింట్లో అమ్మ ముందు నిలబడి చదవబోయాను. మాట సగం బయటికి వచ్చిందో లేదో, అమ్మ తడిచేత్తో నా నోరు మూసేసింది. "ఇంట్లో అనకు. నేను పక్కనున్నప్పుడు అసలే అనకు" అంది. నాకు ఒళ్ళు మండింది. కారణం చెప్పకపోతే రోజంతా అదే జపం చేస్తానన్నాను. అప్పుడు చెప్పింది, గుమ్మం వైపు చూస్తూ, ఒకే ఒక్కసారి.

అమ్మ పుట్టిల్లు మైలవరం అవతల, కొండ పక్కన. అమ్మకో చెల్లి ఉండేది. "మా నాయనమ్మ చెప్పేది, కొండ మీద ఆ చెట్టు దగ్గర పేరు పెట్టి పిలవకండే అని. పిలిస్తే వస్తుంది, వచ్చి పిలిచినవాళ్ళని ఏం చెయ్యదు, పక్కనున్న వాళ్ళని పట్టుకుంటుంది అని. నాకేమో పొగరు. చెల్లి చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, చెట్టు కింద నిలబడి గట్టిగా పిలిచా. ఏం రాలా. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. కింద పళ్ళు రాలి ఉంటే అది ఒకటి తీసుకుని కొరికింది కూడా. మర్నాటికి దాని కళ్ళు కనపళ్ళా. మొహం ఇంత. పెదాలు ఇంత. గొంతులోకి నీళ్ళు కూడా దిగలా." తర్వాత ఏమైందో చెప్పలేదు, చెప్పక్కర్లేదు కూడా. చెల్లి, అది, దాని అనే మాటలతోనే మొత్తం చెప్పింది.

"పండు కొరికింది కదమ్మా, గింజ రసం తగిలుంటుంది" అన్నాను.

"నీకు తెలీదు" అంది అమ్మ. "నేను పిలిచా. అది వచ్చింది."

ఆ తర్వాత నేనెప్పుడూ వాదించలేదు. ఇంట్లో ఆ మాట అననూలేదు. వినేవాళ్ళకి నవ్వొస్తుందేమో, ఇద్దరు పెద్ద ఆడవాళ్ళు ఒక చెట్టు పేరు చెప్పుకోకుండా ఏళ్ళకేళ్ళు కాపురం చెయ్యడమేంటని. నాన్న పోయాక ఇంట్లో ఉన్నది అమ్మా నేనే. నా పెళ్ళి నా నోటికి దడిసి ఎప్పుడో పారిపోయింది. చాట్రాయి వెళ్ళే దారిలో మా తోట, తోటలోనే ఇల్లు. నేను రోజూ నూజివీడు వెళ్ళి హైస్కూల్లో తెలుగు చెప్తాను, అమ్మ తోట చూసుకుంటుంది.

తోటకి ఉత్తరం గట్టు మూల ఒక చెట్టుండేది. పెద్ద పెద్ద ఆకులు, బూడిదరంగు బెరడు. ఆ మూల నాన్న దున్నించేవాడు కాదు. అమ్మ నన్ను అటు వెళ్ళనిచ్చేది కాదు. "ఎందుకు?" అంటే "వద్దంటే వద్దు" అనేది. పుట్టలున్నాయేమో, పురుగూ పుట్రా తిరుగుతాయేమో అనుకునేదాన్ని. ఆ మాటకి నాలుగు పర్యాయపదాలు చెప్పగల దాన్నే, ఆ చెట్టు ఎలా ఉంటుందో నాకెవరూ చూపించలేదు. చూపించాలంటే పేరు చెప్పాలి కదా. నా బుర్రలో అది మైలవరం అవతల కొండ మీదే ఉండిపోయింది. మా గట్టు మీద ఉంటుందని నేను కలలో కూడా అనుకోలేదు.

మొన్న కోతలు అయిపోయాక తోట చుట్టూ ఫెన్సింగ్ వేయిద్దామని నేనే పట్టుబట్టాను. పొక్లెయిన్ పిలిపించాను. అమ్మ మైలవరంలో చుట్టాలింటికి సీమంతానికని వెళ్ళిన పూట చూసి మరీ పిలిపించాను, లేకపోతే ఆ మూల దగ్గర అడ్డం నిలబడుతుందని నాకు తెలుసు. పొక్లెయిన్ అతను గట్టు మీదున్న చెట్లన్నీ తోసేసి వెళ్ళిపోయాడు. కొమ్మలు లాగి కుప్పేసి కాల్చాలి. ఆదివారం పైగా ముహూర్తాల రోజేమో, కూలికి ఒక్కరూ రాలేదు. "కాళ్ళూ చేతులూ నాకు లేవా?" అని నాలో నేనే కోపం తెచ్చుకుని, చీర కుచ్చిళ్ళు దోపుకుని, కొమ్మలన్నీ నేనే లాగాను. మామిడి కత్తిరింపులూ ఆ మూల చెట్టు కొమ్మలూ ఒకే కుప్ప. విరిచిన చోటల్లా జిగురు కారింది. మామిడి సొనే అనుకుని చీర కొంగుకి తుడుచుకున్నాను. కుప్పకి నిప్పు పెట్టాను. చుట్టూ తిరుగుతూ కర్రతో ఎగదోశాను. పొగ చిక్కగా, నల్లగా, నూనె మాడిన వాసనతో వచ్చింది. గాలి తిరిగినప్పుడల్లా మొహమంతా కమ్మేసేది. దగ్గాను, ఉమ్మాను, మళ్ళీ ఎగదోశాను.

సాయంత్రం బస్సు దిగి అమ్మ వచ్చేసరికి నా చేతులు దురదపెడుతున్నాయి. కళ్ళు మండుతున్నాయి. ఆ పొద్దున్నే పక్క తోటవాళ్ళు మందు కొట్టారు, అదే గాలికి వచ్చి ఉంటుందని అన్నాను. అమ్మ ఆ మాట వినడం లేదు. నా చీర కొంగు కేసి చూస్తోంది.

"ఏంటే ఆ నలుపు?"

పసుపుపచ్చ చీర. పొద్దున జిగురు తుడిచిన చోటల్లా తారు చుక్కల్లాంటి మచ్చలు. వేళ్ళ సందుల్లోనూ అదే నలుపు. "ఏదో చెట్టు జిగురమ్మా. ఉతికితే పోతుందిలే" అన్నాను.

"ఏ మూల చెట్టు?"

చెప్పాను. అమ్మ ఉన్నచోటే కూలబడింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది. లేచి, చింతాకు నూరి, రసం తీసి నా చేతులకి పట్టించింది. కొబ్బరినూనె రాసింది. చీర తనే కర్రతో ఎత్తి దూరంగా పారేసింది. "ఏంటమ్మా, కందకి లేని దురద కత్తిపీటకెందుకు? దురద నాకు, వణుకు నీకా?" అని ఎగతాళి చేశాను. నా పక్కనే పడుకునే మనిషి ఆ రోజు మంచం తీసుకెళ్ళి వసారా చివర వేసుకుంది. నాకు దూరంగా ఎందుకు జరిగిందో అప్పుడు అర్థం కాలేదు, కోపమొచ్చి అటు తిరిగి పడుకున్నాను.

తెల్లవారి లేచి కళ్ళు తెరవబోతే తెరుచుకోలేదు. వేళ్ళతో తడిమి చూసుకుంటే నా మొహం నాది కాదు. రెప్పలు రెండూ ఉబ్బి అతుక్కుపోయాయి. పెదవి ముక్కుకి తగులుతోంది. అమ్మా అని పిలుద్దామనుకుంటే గొంతులోంచి కీచుమని ఏదో వచ్చింది, అది మాట కాదు. మామిడి టెంక గొంతులో అడ్డం పడ్డట్టుంది. గాలి లోపలికి పోతోంది గానీ, ఈల వేసుకుంటూ, సన్నగా పోతోంది. అప్పటిదాకా నాకు చావంటే భయం లేదని చెప్పుకుని తిరిగేదాన్ని. ఎంత అబద్ధం! గాలి పీల్చడం అంటే ఆలోచించి చెయ్యాల్సిన పని అయిపోయింది. ఒకటి పీల్చడం, ఇంకోటి దొరుకుతుందో లేదో అని చూడటం.

అమ్మ అడుగులు వచ్చి గుమ్మంలో ఆగాయి. "అమ్మో, నా తల్లో! మొహం ఇంత, పెదాలు ఇంత..." అని గొణిగింది. ఆ మాటలు నేనెక్కడ విన్నానో నాకు వెంటనే గుర్తొచ్చింది. అప్పుడు తెలిసింది ఆ మూలనున్నది ఏ చెట్టో. చెబుదామంటే గొంతు లేదు.

మా ఊరి ఆటో అతన్ని పిలిచింది. నన్ను వెనక కూర్చోబెట్టి తను పక్కన కూర్చుంది. "ఏమైందండీ మేడంగారికి?" అని అతను అదిరిపోయి అడిగాడు. "నిన్న ఆ పక్కతోటలో మందు కొట్టారు కదండీ, ఆ మందేనండీ, సందేహం లేదు. ఈ మధ్య మందులు మహా ఘాటుగా ఉంటున్నాయి" అని తనే తేల్చేసి ఆటో పరిగెత్తించాడు. గుంటలో పడ్డప్పుడల్లా నా ఊపిరి ఆగి, మళ్ళీ అందుకునేది. అమ్మ నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను ఆవిడ అరచేతిలో వేలితో రాయడం మొదలుపెట్టాను. జ రాశాను. గుడి దీర్ఘం పెడుతుండగా అమ్మ గుప్పిట మూసేసింది. "రాయకు. రాసినా వస్తుంది. వద్దు తల్లీ, వద్దు" అని నా చెవిలో ఏడ్చింది. నాకు భయంతో పాటు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. చెవి పట్టుకుని మెలిపెట్టాలనిపించింది, మా అమ్మని.

నూజివీడులో ఆసుపత్రికి వెళ్ళేసరికి ఎవరో చక్రాల మంచం మీద పడుకోబెట్టారు. పడుకుంటే ఊపిరి ఇంకా ఆడలేదు, లేచి కూర్చున్నాను. ఎవరివో చేతులు, చల్లటి స్టెతస్కోపు, డెటాల్ వాసన. ముక్కుకి గాలి గొట్టం పెట్టారు. డాక్టరుగారు కుర్రాడనుకుంటాను, గొంతు లేతగా ఉంది. ఆటో అతను చెప్పాల్సినదంతా చెప్పేశాడు.

"ఏ మందు కొట్టారు? డబ్బా తెచ్చారా?" అని డాక్టరుగారు అడిగారు.

"మందు కాదండీ" అంది అమ్మ.

"మరేంటమ్మా? పాము గానీ, పురుగు గానీ కుట్టిందా?"

"కాదండీ. చెట్టు."

"ఏ చెట్టు?"

నా చెయ్యి పట్టుకున్న అమ్మ వేళ్ళు మంచుముక్కల్లా ఉన్నాయి.

"ఏ చెట్టమ్మా? తిన్నదా, తాకిందా, పొగ పీల్చిందా? ఇంజెక్షను నేనెలాగూ ఇస్తాను, కానీ పురుగుమందు లోపలికి పోతే చెయ్యాల్సింది వేరు, చెట్టయితే వేరు. రెండూ ఒకటి కాదు. గొంతు ఇంకా వాస్తోంది, చూస్తున్నారుగా. త్వరగా చెప్పండి."

నేను తల అటూ ఇటూ ఊపాను, చేతులు ఊపాను, గాలిలో రాశాను. ఎవరూ చూడలేదో, చూసినా అర్థం కాలేదో. నర్సమ్మ నేను ఊపిరాడక కొట్టుకుంటున్నాననుకుని చేతులు పట్టుకుంది. నాకు ఆ మాట తెలుసు. దాని పుట్టుక తెలుసు, దాని తోబుట్టువులు తెలుసు. అది నా నోట్లోనే ఉంది. దాన్ని బయటికి తేగలిగినది అమ్మ ఒక్కతే, ఆవిడేమో దాన్ని పలికితే నేను చచ్చిపోతానని నమ్ముతోంది. పక్కనున్న వాళ్ళని పట్టుకుంటుంది. పక్కనున్నది నేను. ఒకసారి చెల్లి చెయ్యి పట్టుకుని పిలిచింది, ఆ చెయ్యి పోయింది. ఇంకోసారి ఎలా పిలుస్తుంది?

"డాక్టరుగారూ, ఒక్కసారి బయటికి రండి" అంది అమ్మ.

"ఇక్కడే చెప్పండమ్మా, టైం లేదు."

"ఇక్కడ చెప్పను. మీకు దణ్ణం పెడతాను, మీ కాళ్ళు పట్టుకుంటాను, బయటికి రండి బాబూ!"

అమ్మ నా చెయ్యి వదిలేసింది. ఆ క్షణం నాకు ఎంత భయమేసిందంటే, ఊపిరి ఆడకపోవడం కూడా దాని ముందు చిన్నదే. చీకట్లో నాకున్న ఒకే ఒక్క ఆధారం ఆ చెయ్యి. దాన్ని వెతుక్కుంటూ గాలిలో తడుముకున్నాను. చెప్పుల చప్పుడు దూరమైంది. వెనకే బూట్ల చప్పుడు. "ఇంకా ఎంత దూరమమ్మా?" అని డాక్టరుగారి విసుగు. వరండా, మెట్లు, ఆ తర్వాత ఏమీ లేదు. రోడ్డు మీద బస్సు హారను వినిపిస్తోంది. నా ఈల నాకే వినిపిస్తోంది.

అప్పుడు గేటు అవతలినుంచి, రోడ్డు మీదనుంచి, అమ్మ గొంతు వచ్చింది. డాక్టరుగారు పక్కనే ఉన్నా అరిచింది. నా జన్మలో అమ్మ అరవగా నేను వినలేదు.

"జీడి! నల్లజీడి చెట్టు! కొమ్మలు విరిచింది, కాల్చింది, పొగంతా పీల్చింది! జీడి డాక్టరుగారూ, జీడి!"

బూట్లు పరిగెత్తుకుంటూ వచ్చాయి. చేతికి సూది దిగింది, సెలైన్ పెట్టారు, ఇంకో సూది దిగింది. ఒళ్ళంతా ఏదో కడిగారు. ఎవరో నా జుట్టు కూడా సబ్బుతో రుద్దుతున్నారు. అమ్మ చెప్పులు మాత్రం తిరిగి రాలేదు. ఎంతసేపు విన్నానో! ఈల నెమ్మదిగా లావవుతోంది, గాలి వెడల్పుగా దిగుతోంది, అయినా నా చెవులు గుమ్మం దగ్గరే ఉన్నాయి. "మా అమ్మేది?" అని అడగడానికి గొంతు లేదు. "మీ అమ్మగారు గేటు దగ్గర కూర్చున్నారండీ, లోపలికి రమ్మంటే రావట్లేదు" అని నర్సమ్మ తనే చెప్పింది. "మీ దగ్గరికి వస్తే మీకు మంచిది కాదంటున్నారు. ఎండలో కూర్చున్నారు, చెప్తే వినట్లేదు."

మర్నాడు మధ్యాహ్నానికి నా ఎడమ కన్ను కాస్త విచ్చుకుంది. వెలుతురు సన్నగా, గీతలాగా కనిపించింది. ఆ గీతలో వార్డు గుమ్మం, గుమ్మం అవతల అమ్మ. జుట్టు రేగిపోయి, అదే చీరలో, గడప దాటకుండా నిలబడి ఉంది. చేతులు రెండూ వెనక్కి దాచుకుంది, నన్నెక్కడ తాకుతాయో అన్నట్టు.

"తగ్గుతోందా?" అంది అక్కడినుంచే.

తల ఊపాను.

"నిజంగా? నోటితో చెప్పు."

"తగ్గుతోందమ్మా." గొంతు గరగరలాడుతూ వచ్చింది గానీ, వచ్చింది.

"నేను గట్టిగానే పిలిచా."

"విన్నాను."

"చాలాసార్లు పిలిచా. వాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగారు. మళ్ళీ మళ్ళీ చెప్పా. అయినా తగ్గుతోందా?"

"అయినా తగ్గుతోంది."

అమ్మ గడప దగ్గరే అలా నిలబడిపోయింది. మొహం మీద సంతోషం కోసం చూశాను, అది లేదు. ఏదో లెక్క తప్పినట్టు, అది ఎక్కడ తప్పిందో వెతుక్కుంటున్నట్టు చూస్తోంది. చేతులు ముందుకు తెచ్చి అరచేతులు చూసుకుంది.

"అయితే మరి అది..." అంది. "నేను పిలిచినందుకు కాదా?"

"కాదమ్మా. పండు కొరికింది. అంతే."

ఈ మాట ఇంతకుముందు కూడా చెప్పాను, వంటింట్లో. అప్పుడు అది పుస్తకంలోంచి తెచ్చిన మాట. అమ్మ గడప దాటింది. వచ్చి నా మంచం మీద కూర్చుంది, నా చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది, మరో చేత్తో నోటికి కొంగు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. వార్డులో జనం చూస్తున్నారు. చూడనీ. ఏడుపు మధ్యలో కొంగు తీసి ఒక మాట అంది. నాకు అర్థం కాలేదు. మళ్ళీ అంది, మెల్లగా, ఆటలో ఉన్న పిల్లని ఇంటికి పిలిచినట్టు.

అది ఒక పేరు. ఆవిడ చెల్లి పేరు. ఆ పిల్లకి ఒక పేరు ఉండి ఉంటుందని నాకు అప్పటిదాకా తోచనే లేదు.